గొట్టాల ఛాసీకి వెల్డింగ్ సెట్టింగ్: మెషీన్ మూత మీది పట్టిక ఎక్కడిదాకా పనికొస్తుంది

సన్నని వైరును తనే బయటికి తోస్తూ, గ్యాసు చాటున కరిగించి లోహాన్ని అతికించే మిగ్ వెల్డింగ్ మెషీన్ పక్క మూత తెరిస్తే లోపల ఒక పట్టిక అంటించి ఉంటుంది. రేకు మందం ఇంత ఉంటే వోల్టేజీ ఇంత, వైరు వేగం ఇంత అని. మొదటిసారి ఛాసీ, అంటే బండి అస్థిపంజరం, కట్టేవాళ్లు ఆ అంకెలు పెట్టుకుని పని మొదలుపెడతారు. పట్టికలో తప్పేమీ లేదు. కాకపోతే అది రెండు చదునైన రేకుల్ని బల్ల మీద పెట్టి, సరైన కరెంటుతో, తయారీదారు ఎంచుకున్న గ్యాసుతో అతికించినప్పటి లెక్క. ఛాసీలో అలాంటి అతుకు దాదాపుగా ఉండదు. గుండ్రటి గొట్టం మీద ఇంకో గొట్టం ఏటవాలుగా వచ్చి కూర్చుంటుంది. ఒకే అతుకులో ఒక పక్క విశాలంగా ఉంటే రెండో పక్క టార్చ్ (చేత పట్టుకుని వెల్డ్ చేసే పిడి) నాజిల్ కూడా దూరని ఇరుకు. పలచటి గొట్టానికి మందపాటి బ్రాకెట్ తగులుతుంది. కాబట్టి పట్టికలోని అంకె పని మొదలుపెట్టడానికి మాత్రమే. అసలు సెట్టింగ్ తేలేది అదే గొట్టంతో, అదే కోణంలో, అదే షెడ్డులో చేసిన నమూనా అతుకును కోసి చూసినప్పుడు. ఈ వ్యాసమంతా ఆ నమూనా దాకా ఎలా వెళ్లాలన్నదే.

ముందు ఏ బండి గురించి మాట్లాడుతున్నామో చెప్పుకుందాం. మన దేశంలో ఇంట్లో కట్టిన కారును రోడ్డెక్కించడం దాదాపు కుదరని పని. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 126వ నియమం ప్రకారం ప్రతి కొత్త నమూనా పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి గుర్తింపు పొందిన సంస్థల పరీక్ష దాటాలి. అందుకే ఇక్కడ సొంతంగా ఛాసీ కట్టేవాళ్లలో ఎక్కువమంది ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలే. మట్టి దారుల్లో నడిపే బళ్ల బాజా పోటీల కోసం కొందరు, రేసు ట్రాక్ మీద నడిపే బళ్ల ఫార్ములా పోటీల కోసం కొందరు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ చుట్టుపక్కల కాలేజీల్లో వర్క్‌షాపు వెనక ఏదో ఒక గొట్టాల పంజరం తయారవుతూనే ఉంటుంది. 1976లో అమెరికాలోని సౌత్ కెరొలినా విశ్వవిద్యాలయంలో మొదలైన బాజా పోటీ నియమాల్లో వెల్డింగ్ నమూనాల గురించి ప్రత్యేకంగా రాశారు. ఆ నియమం వెనకున్న ఆలోచన తోటలో నడిపే బండి కట్టేవాళ్లకూ పనికొస్తుంది.

గొట్టం తేలనిదే సెట్టింగ్ తేలదు

బాజా పంజరంలో ముఖ్యమైన గొట్టాలకు మూల కొలత 25.4 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. గోడ మందం, ఉక్కులో కనీసం 0.18 శాతం కార్బన్. బరువు తగ్గించాలనుకుంటే వంపుకు తట్టుకునే బలంలో, బిగువులో దానికి సమానమని లెక్క చూపించి వ్యాసం పెంచి, గోడను 1.57 మి.మీ. వరకు పలచన చేసుకోవచ్చు. రెండో శ్రేణి గొట్టాలకు గోడ 0.89 మి.మీ. ఉన్నా చాలు. ఫార్ములా బళ్లలో కొన్ని గొట్టాలు 1.2 మి.మీ. గోడతోనే వస్తాయి. అంటే ఒకే ఛాసీలో 1 మి.మీ. లోపు గోడ మొదలుకొని 3 మి.మీ. దాకా, వాటి మీద 4, 5 మి.మీ. బ్రాకెట్లు. ఒకే సెట్టింగ్‌తో ఛాసీ మొత్తం కొట్టేస్తామంటే కుదరదు. కనీసం మూడు కావాలి.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో గొట్టం కొనేటప్పుడు దాని ప్రమాణం అడగాలి. ఐఎస్ 3074 అంటే వాహనాల కోసం చేసిన గొట్టం. ఐఎస్ 1239 మామూలు పైపు, నీళ్ల పనికి ఎక్కువగా వాడేది. దానిమీద జింకు పూత ఉంటే జీఐ పైపు. జీఐ పైపుతో ఛాసీ కట్టకూడదు. జింకు ఆవిరి కరిగిన లోహంలో బుడగలు పెడుతుంది. ఆ పొగ పీల్చినవాళ్లకు సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. పూత గీకేసి వాడదామన్నా గొట్టం లోపలి పూత అలాగే ఉంటుంది.

గోడ మందాన్ని వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలవండి. 2 మి.మీ. అని అమ్మిన గొట్టం 1.8 తేలడం వింత కాదు. ఆ తేడాతోనే సెట్టింగ్ మారిపోతుంది.

మిగ్‌లో ఆంపియర్ల నాబ్ ఎందుకు ఉండదు

షెడ్డుల్లో సీఓటూ వెల్డింగ్ అని పిలిచేది ఇదే. ఇక్కడ చాలామందికి చిక్కుపడే సంగతి ఒకటుంది. రాడ్ వెల్డింగ్ మెషీన్ ఆంపియర్లను నిలకడగా ఉంచి వోల్టేజీని వదిలేస్తుంది. మిగ్ మెషీన్ వోల్టేజీని నిలకడగా ఉంచి ఆంపియర్లను వదిలేస్తుంది. వైరు వచ్చే వేగానికి సమానంగా దాన్ని కరిగించాలి కాబట్టి, ఆ కరిగింపుకు ఎంత కరెంటు కావాలో అంతా మెషీనే లాక్కుంటుంది. వైరు వేగం నాబ్ తిప్పినప్పుడు మీరు తిప్పుతున్నది నిజానికి ఆంపియర్లనే. వోల్టేజీ నాబ్ ఆర్క్ (వైరు చివర మండే మెరుపు) పొడవును, బీడ్ (కరిగి గట్టిపడిన వెల్డ్ చార) వెడల్పును తేలుస్తుంది.

ఆంపియర్ల లెక్క సులువే. మామూలు ఉక్కులో ప్రతి మి.మీ. మందానికి సుమారు 40 ఆంపియర్లు. 1.6 మి.మీ. గోడకు 65, 2 మి.మీ.కు 80, 3 మి.మీ.కు 120. టీ ఆకారపు అతుకులో వేడి రెండు దిక్కులకు కాక మూడు దిక్కులకు పారిపోతుంది కనుక దీనికి పదో వంతు కలుపుకోవడం మంచిది.

ఛాసీకి 0.8 మి.మీ. వైరు సరిపోతుంది. రాగి పూత ఉన్న ఈఆర్70ఎస్-6 రకం అడగండి, అన్ని ఊళ్లలో దొరుకుతుంది. 1.2 మి.మీ. వైరు స్పూలు తక్కువకు వచ్చిందని దాన్నే ఎక్కిస్తే పలచటి గొట్టం చిల్లులు పడుతుంది, ఎందుకంటే ఆ వైరు సాఫీగా కరగడానికే 1.6 మి.మీ. గోడ ఓర్చుకోలేనంత కరెంటు కావాలి. 0.8 వైరుకు ఒక్కో ఆంపియరుకు నిమిషానికి దాదాపు 5 సెం.మీ. వైరు ఖర్చవుతుంది. 65 ఆంపియర్లకు నిమిషానికి 3.3 మీటర్లు, 80కి 4.1, 120కి 6.1.

మెషీన్ నాబ్ మీద 1 నుంచి 10 వరకు అంకెలే ఉండి మీటర్లు లేవా? ఎర్త్ క్లాంపు తీసేయండి, గ్యాసు కట్టేయండి, నాజిల్ దగ్గర వైరు కత్తిరించి ట్రిగ్గర్‌ను సరిగ్గా 6 సెకన్లు నొక్కండి. బయటికొచ్చిన వైరు పొడవు సెం.మీ.లలో ఎంతుందో దాన్ని పదితో హెచ్చిస్తే నిమిషానికి వేగం. 33 సెం.మీ. వస్తే 3.3 మీటర్లు. ట్రిగ్గర్ నొక్కినంతసేపూ వైరులో కరెంటు ఉంటుంది, చెయ్యీ లోహమూ తగలనివ్వకండి. నాబ్ ఒక్కో అంకె దగ్గర ఇలా కొలిచి చిన్న కాగితం మీద రాసి మెషీన్‌కు అంటిస్తే, తయారీదారు పట్టిక కన్నా అది ఎక్కువ పనికొస్తుంది.

వోల్టేజీకి మొదటి అంచనా: 14కి ఆంపియర్లలో ఇరవయ్యో వంతు కలపాలి. 80 ఆంపియర్లకు 14కు 4 కలిపితే 18. 65కి పదిహేడుంబావు, 120కి 20. ఇవి ఆర్గాన్ 80, కార్బన్ డయాక్సైడ్ 20 పాళ్ల మిశ్రమానికి దగ్గరగా ఉంటాయి. మన షెడ్డుల్లో ఎక్కువగా ఉండే శుద్ధ సీఓటూతో అయితే ఒకటి, రెండు వోల్టులు పెంచాలి. ఒక నాబ్ తిప్పితే రెండోది తనే సర్దుకునే, సినర్జిక్ అని అమ్మే మెషీన్లలో గ్యాసు ఎంచుకునే బటన్ ఉంటుంది. అది మిశ్రమం మీద ఉండి సిలిండర్‌లో సీఓటూ ఉంటే బీడ్ తాడులా పైకి ఉబ్బి కూర్చుంటుంది. మెషీన్ పాడైందని చాలామంది అనుకునేది ఇక్కడే.

అక్కడి నుంచి చెవి పని. సరైన చోట ఉంటే తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు ఎడం లేకుండా, ఒకే తీరున శబ్దం వస్తుంది. వైరు టార్చ్‌ను వెనక్కి తోస్తూ టకటకమని పొడుస్తుంటే వోల్టేజీ చాలడం లేదు, లేదా వైరు వేగం ఎక్కువ. బుస్సుమంటూ వైరు చివర పెద్ద బొట్టు వేలాడి, అప్పుడప్పుడూ కాంటాక్ట్ టిప్‌కే (వైరుకు కరెంటు అందించే రాగి మొన) అతుక్కుపోతుంటే వోల్టేజీ ఎక్కువ, లేదా వైరు తక్కువ. ఒకసారికి ఒక్క నాబే తిప్పండి, అదీ అర వోల్టు చొప్పున. రెండూ కలిపి తిప్పితే ఏది ఏం చేసిందో తెలియదు.

ఇండక్టెన్స్ నాబ్ ఉంటే దాన్ని మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. పెంచితే ఆర్క్ మెత్తబడి చిమ్ములు తగ్గుతాయి, కరిగిన లోహం పలచగా పారుతుంది. తగ్గిస్తే ఆర్క్ బిగుసుగా ఉంటుంది. సీఓటూతో కొంచెం పెంచుకుంటే హాయిగా ఉంటుంది. పలచటి గొట్టంలో ఎడం ఉన్నచోట తగ్గించాలి.

పోలారిటీ ఒకసారి చూడండి. గ్యాసుతో వాడే గట్టి వైరుకు టార్చ్ పాజిటివ్‌లో ఉండాలి. చవక మెషీన్లు చాలావరకు గ్యాసు అక్కర్లేని ఫ్లక్స్ వైరుకు అనువుగా టార్చ్ నెగెటివ్‌తో వస్తాయి. ఆ తీగ మార్చకుండా గట్టి వైరు ఎక్కిస్తే బీడ్ పైపైనే పేరుకుంటుంది, లోపలికి దిగదు. గ్యాసు లేని వైరుతోనే ఛాసీ కట్టాలనుకునేవాళ్లు స్పూలు మీద ఈ71టీ-జీఎస్ అని ఉందేమో చూసుకోవాలి. అది ఒకే వరుస కొట్టడానికి చేసిన వైరు, ఒకదాని మీద ఇంకో వరుస వేయడానికి పనికిరాదు. ఛాసీలో ట్యాకుల (ముక్కల్ని ముందుగా నిలబెట్టే చిన్న చుక్క వెల్డులు) మీదుగా, ఆగినచోట మళ్లీ మొదలుపెడుతూ పోవాలి కాబట్టి దాన్ని పక్కన పెట్టడమే మంచిది.

సందులో ఏం జరుగుతుంది

బాజా నియమాలు ప్రతి వెల్డరు దగ్గరా రెండు నమూనాలు అడుగుతాయి. ఒకటి రెండు గొట్టాలు 90 డిగ్రీల్లో కలిసేది. దాన్ని విరిచి చూపించాలి, విరిగేది గొట్టం కావాలి తప్ప వెల్డ్ కాదు. రెండోది 30 డిగ్రీల్లో కలిసేది. దాన్ని పొడవునా కోసి వెల్డ్ ఎంత లోతుకు దిగిందో చూపించాలి. 30 డిగ్రీలే ఎందుకన్నది తెలిస్తే సెట్టింగ్ సంగతి సగం తెలిసినట్టే.

మిగ్‌లో కాంటాక్ట్ టిప్ నుంచి ఆర్క్ దాకా బయట ఉండే వైరు పొడవు 10 మి.మీ. దగ్గర ఉండాలి. ఆ వైరు ముక్క కూడా ఒక రెసిస్టరే. అది పొడవైతే అక్కడే వేడెక్కి, కరగడానికి తక్కువ కరెంటు చాలు. దాంతో మెషీన్ ఆంపియర్లు తగ్గించేస్తుంది. ఇప్పుడు 30 డిగ్రీల సందును ఊహించండి. రెండు గొట్టాల మధ్య మూలలోకి నాజిల్ దూరదు. టార్చ్ బయటే ఆగిపోతుంది, వైరు 18, 20 మి.మీ. బయటికి చాచుకుంటుంది. నాబ్ తిప్పకుండానే ఆంపియర్లు పడిపోతాయి. పైగా అక్కడ రెండు గోడలు దగ్గరగా ఉండి వేడిని రెండువైపులా లాగేస్తాయి. ఎక్కడ ఎక్కువ వేడి కావాలో అక్కడే తక్కువ వేడి పడుతుంది. పైన బీడ్ నిండుగా, అందంగా కనిపిస్తుంది. కింద మూల కరగకుండా ఖాళీగా ఉండిపోతుంది. బండి గుంటలో పడిన ప్రతిసారీ పగులు ఆ ఖాళీ దగ్గరే మొదలవుతుంది.

దీనికి మందు ఊరికే వోల్టేజీ పెంచేయడం కాదు. సన్నని శంకు ఆకారపు నాజిల్ వాడి, టిప్ నాజిల్ అంచు దాకా లేదా 2 మి.మీ. బయటికి వచ్చేలా పెట్టుకోవాలి. మూల దగ్గర మొదలుపెట్టి బయటికి రావాలి తప్ప మూలలో ముగించకూడదు. ఆ ఒక్క పక్కకు వైరు వేగం పదో వంతు, వోల్టేజీ అర వోల్టు పెంచి విడిగా కొట్టుకోవచ్చు. అప్పటికీ మూల కరగకపోతే తప్పు డిజైన్‌లో ఉంది, కోణం పెంచాలి.

గొట్టం చివర చేప నోరులా కోసేటప్పుడు ఎడం ఎంత వదిలారన్నదీ సెట్టింగ్‌ను మార్చేస్తుంది. మిగ్‌కు ఎడం వైరు మందం దాటకూడదు, అంటే 0.8 మి.మీ. టిగ్‌కు, అంటే ఆర్గాన్ వెల్డింగ్‌కు, 0.5 లోపే. 2 మి.మీ. ఎడం ఉంటే దాన్ని నింపడానికి కరెంటు తగ్గించి, టార్చ్ ఊపుతూ పోతారు. ఎడం మూసుకుంటుంది కానీ అంచులు కరగవు. దానికన్నా ముక్క మార్చి మళ్లీ కోయడమే సుఖం. అంచు నుంచి 25 మి.మీ. దాకా లోపలా బయటా ఫ్లాప్ డిస్క్‌తో మెరిసేదాకా గీకాలి. వేడిగా రోలర్ల మధ్య నొక్కి తయారుచేసిన ఉక్కు మీది నల్లటి పొర తీయకుండా మిగ్ కొట్టడం వల్ల పోయే అతుకులు ఇన్నీ అన్నీ కావు.

మందం తేడా

సస్పెన్షన్ బ్రాకెట్ 4 మి.మీ., గొట్టం 1.6 మి.మీ. దేనికి సెట్ చేయాలి? రెంటి సగటుకు సెట్ చేస్తే గొట్టం చిల్లు పడుతుంది, బ్రాకెట్ అంటీ అంటనట్టు ఉంటుంది. మంచి దారి ఇది: గొట్టానికి కావలసినదానికన్నా 20, 25 శాతం ఎక్కువ, అంటే 80 ఆంపియర్ల దగ్గర పెట్టి, ఆర్క్‌ను బ్రాకెట్ మీదికి గురిపెట్టాలి. మూడింట రెండు వంతుల సమయం మందపాటి లోహం మీద ఉంటే కరిగిన లోహం తనంతట తాను గొట్టం మీదికి పారి అంటుకుంటుంది. బీడ్ కాలు పొడవు (మూల నుంచి బీడ్ అంచు దాకా) 3 మి.మీ. ఉంటే దాని గొంతు (మూల నుంచి బీడ్ పైముఖం దాకా మందం) దాదాపు 2.1 మి.మీ., 1.6 గోడకు అది చాలు. అంతకన్నా లావుగా పోస్తే బలం పెరగదు, గొట్టం వంకరపోతుంది.

గొట్టం పక్కన అండర్‌కట్, అంటే బీడ్ అంచున గాడి, పడిందా అని వేలి గోరుతో తడిమి చూడండి. 2 మి.మీ. గోడలో అర మి.మీ. గాడి పడితే గోడలో పావు వంతు పోయినట్టే. ఛాసీలు ఎక్కువగా వెల్డ్ మధ్యలో కాక ఈ అంచునే పగులుతాయి. గాడి పడుతుంటే వోల్టేజీ అర తగ్గించి, టార్చ్ నడిపే వేగం కొంచెం తగ్గించండి.

షెడ్డులో కరెంటు

నమూనా ముక్క బాగానే వచ్చి సాయంత్రం అసలు ఛాసీ చెడిపోవడానికి కారణం చాలాసార్లు గోడ ప్లగ్గులోనే ఉంటుంది. 80 ఆంపియర్లు, 18 వోల్టులు అంటే ఆర్క్‌లో 1.4 కిలోవాట్లు. మెషీన్ నష్టాలు, పవర్ ఫ్యాక్టర్ కలుపుకుంటే సింగిల్ ఫేజులో 12 ఆంపియర్ల దగ్గర లాగుతుంది. 120 ఆంపియర్ల దగ్గర 19, 20 దాకా పోతుంది. అప్పుడు 15 ఆంపియర్ల సాకెట్ వేడెక్కుతుంది. 1 చదరపు మి.మీ. తీగతో 20 మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు వేస్తే 15 ఆంపియర్ల దగ్గర తీగలోనే 11 వోల్టులు పోతాయి. 2.5 చదరపు మి.మీ. తీగలో అయితే నాలుగున్నర. చుట్ట విప్పకుండా వాడితే ఆ తీగే కాలుతుంది.

పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం మిగ్‌లో ఇంకో చిక్కుంది. దాని బయటి వోల్టేజీ ఇంటి వోల్టేజీతో పాటే పడుతుంది. 230 నుంచి 200కి పడితే 18 వోల్టుల సెట్టింగ్ దాదాపు 15.7 అయిపోతుంది. వైరు వేగం మాత్రం అంతగా తగ్గదు. వైరు పొడవడం మొదలుపెడుతుంది, పొద్దున ఉన్న పెనిట్రేషన్ (వెల్డ్ దిగే లోతు) సాయంత్రం ఉండదు. ఇన్వర్టర్ రకాలు కొంతదూరం సర్దుకుంటాయి. ఏదైనా సరే, ప్లగ్గు దగ్గర మల్టీమీటర్ పెట్టి వెల్డింగ్ జరుగుతుండగా చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు కాదు.

డ్యూటీ సైకిల్ అంకెను 10 నిమిషాలకు, 40 డిగ్రీల వాతావరణంలో లెక్కిస్తారు. 30 శాతం అంటే 10 నిమిషాల్లో 3 నిమిషాలు ఆర్క్. మే నెలలో విజయవాడ రేకుల షెడ్డులో 40 దాటిపోతుంది కాబట్టి ఆ మూడు నిమిషాలూ ఉండవు. ఛాసీ అతుకులు చిన్నవి కనుక పని ఆగదు. కాకపోతే ఉక్కకు తట్టుకోలేక పెట్టుకున్న టేబుల్ ఫ్యాన్ గ్యాసును ఎగరగొడుతుంది. బీడ్ మీద సూది బెజ్జాలు కనిపిస్తే మొదట ఫ్యాన్ వైపు చూడండి. గ్యాసు నిమిషానికి 10 నుంచి 12 లీటర్లు చాలు. ఫ్యాన్ ఉందని 20 దాటిస్తే గ్యాసు సుడులు తిరిగి తనే గాలిని లోపలికి లాక్కుంటుంది. సీఓటూ రెగ్యులేటర్ మంచు కట్టి ప్రవాహం తగ్గుతుంటే హీటర్ ఉన్న రెగ్యులేటర్ కావాలి.

ఆర్గాన్ వెల్డింగ్, రాడ్

4130 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) గొట్టం, లేదా 1.2 మి.మీ.కన్నా పలచటి గోడ అయితే టిగ్ వైపు వెళ్లండి. ఇక్కడ వేడి ఒక చేతిలో, ఫిల్లర్ (అతుకులో కరిగించే తీగ) ఇంకో చేతిలో ఉంటాయి. మూల కరిగిందని కళ్లతో చూశాకే తీగ అందించవచ్చు. డీసీ, టార్చ్ నెగెటివ్, 1.6 మి.మీ. టంగ్‌స్టన్, శుద్ధ ఆర్గాన్ నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు. ఆంపియర్ల లెక్క అదే: 1.6 గోడకు 65, 0.9 గోడకు 35 నుంచి 40. పెడల్ ఉంటే గరిష్ఠాన్ని 20 శాతం పైన పెట్టుకుని కాలితో దించుకోవాలి. ఆర్క్ ఆగాక గ్యాసు ప్రతి 10 ఆంపియర్లకు ఒక సెకను చొప్పున, 65కి ఆరేడు సెకన్లు పారాలి. అంతదాకా టార్చ్ కదిలించకూడదు.

4130కి 4130 ఫిల్లరే వాడాలన్నది చాలామందికి ఉన్న అపోహ. వెల్డింగ్ తర్వాత కొలిమిలో హీట్ ట్రీట్‌మెంట్ చేయని ఛాసీకి అది పెళుసుగా మారుతుంది. ఈఆర్80ఎస్-డీ2 లేదా ఈఆర్70ఎస్-2 మెత్తగా, సాగేలా ఉంటాయి. 3 మి.మీ. లోపు గొట్టాన్ని ముందుగా వేడి చేయనక్కర్లేదు. వెల్డ్ మీద నీళ్లు పోయడం, తడిగుడ్డ వేయడం మాత్రం చేయనే చేయకూడదు. తొందరగా చల్లారితే పక్కనున్న లోహం గాజులా పగులుతుంది. మామూలు ఉక్కు మీద కూడా ఈ అలవాటు మానేయడం మేలు.

రాడ్ వెల్డింగ్‌తో ఛాసీ కట్టలేమా అంటే, 3 మి.మీ. గోడకు 2.5 మి.మీ. 6013 రాడ్డు, 70 నుంచి 85 ఆంపియర్లతో చేయి తిరిగినవాళ్లు కట్టగలరు. 2 మి.మీ.కు 2 మి.మీ. రాడ్డు, 45 నుంచి 55. అంతకన్నా పలచనైతే వద్దు. ఇరుకు సందుల్లో స్లాగ్ (రాడ్డు పూత కరిగి గట్టిపడిన చిట్టెం) చిక్కుకుని బయటికి రాదు.

ట్యాకులకు వేరే సెట్టింగ్

ట్యాకు కొట్టేటప్పుడు గొట్టం చల్లగా ఉంటుంది, ఆర్క్ ఒక్క సెకనే ఉంటుంది. అసలు సెట్టింగ్‌తో కొట్టిన ట్యాకు పైనే కూర్చుంటుంది, తర్వాత దాని మీదుగా బీడ్ వెళ్లినా కింద కరగని చోటు మిగిలిపోతుంది. వైరు వేగం 15, 20 శాతం, వోల్టేజీ ఒకటి పెంచి, చిన్నగా, ఒక్కో అతుకుకు 90 డిగ్రీల ఎడంలో నాలుగు చొప్పున కొట్టాలి. పగిలిన ట్యాకు మీద ఇంకోటి వేయకుండా గ్రైండర్‌తో తీసేసి కొట్టండి.

ఛాసీ మొత్తం ట్యాకుల మీద నిలబడి, సస్పెన్షన్ బ్రాకెట్లు డమ్మీ కడ్డీలతో బోల్టు బిగించి, మూల నుంచి మూలకు టేపుతో కొలతలు సరిపోయాకే పూర్తి వెల్డింగ్ మొదలుపెట్టాలి. ఒక అతుకును ఒకేసారి చుట్టేయకుండా పావు భాగం కొట్టి, ఛాసీకి ఎదుటి పక్కనున్న అతుకుకు వెళ్లాలి. ఆపేటప్పుడు 5 మి.మీ. వెనక్కి వచ్చి గుంట నింపి ట్రిగ్గర్ వదలండి. నింపని గుంటలో నక్షత్రంలా పగులు పుడుతుంది. రెండు చివరలూ మూసుకుపోయే గొట్టానికి 3 మి.మీ. రంధ్రం ముందే వేసి ఉంచాలి. లేకపోతే లోపలి గాలి వేడెక్కి, చివరి ముక్క మూసేటప్పుడు కరిగిన లోహాన్ని బయటికి ఊది బుడగ చేస్తుంది. ఎక్కువ మంది దాన్ని సెట్టింగ్ తప్పనుకుని నాబులతో కుస్తీ పడతారు.

కోసి చూడటం

ఛాసీకి కొన్న గొట్టంలోంచే 150 మి.మీ. ముక్కలు ఎనిమిది తీసి పెట్టుకోండి. రెండు 90 డిగ్రీల అతుకులు, రెండు 30 డిగ్రీలవి వస్తాయి. ఛాసీలో ఎలా అందుతుందో అదే భంగిమలో, అంటే కొన్ని నిలువుగా, కొన్ని తలపైన ఉంచి కొట్టాలి. బల్ల మీద తిప్పుకుంటూ కొట్టిన నమూనా బల్ల మీది వెల్డింగ్ గురించే చెబుతుంది.

90 డిగ్రీల ముక్కను వైస్‌లో బిగించి, నిలువు గొట్టంలోకి పొడవాటి కడ్డీ దూర్చి అటూ ఇటూ వంచండి. గొట్టం నలగాలి, లేదా వెల్డ్ పక్కన చిరగాలి. వెల్డ్ స్టిక్కర్‌లా లేచి వస్తే, కింద గొట్టం మీద గ్రైండింగ్ గీతలు ఇంకా కనిపిస్తుంటే అది కరగనే లేదు. వోల్టేజీ, వైరు వేగం రెండూ ఒక మెట్టు పైకి.

30 డిగ్రీల ముక్కను హాక్సాతో పొడవునా రెండుగా కోయండి. కోసిన ముఖాన్ని ఆకురాయితో చదును చేసి, 120 నుంచి 400 దాకా ఎమరీ కాగితాలతో గీతలు పోయేలా రుద్దండి. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాన్ని చేతికి తొడుగు వేసుకుని దూదితో అద్దండి. ఒకటి రెండు నిమిషాల్లో కరిగిన భాగం వేరే రంగులో తేలుతుంది, దాని అంచు స్పష్టంగా కనిపిస్తుంది. నీళ్లతో కడిగి, వంటసోడా నీళ్లలో ముంచి ఆరబెట్టండి.

భూతద్దంలో మూడు చోట్ల చూడాలి. మూల కొన దగ్గర నల్లని గీత మిగిలిందా? మిగిలితే సందు సెట్టింగ్ చాల్లేదు. కరిగిన అంచు రెండు గొట్టాల గోడల్లోకీ దిగిందా, లేక ఒకదాంట్లోకేనా? ఒకదాంట్లోకే అయితే నాబులు సరే, టార్చ్ కోణం తప్పు. గోడ అవతలి ముఖం ఎలా ఉంది? అక్కడ నీలి రంగు చార తెగకుండా ఉంటే, కొద్దిగా ఉబ్బినా, వేడి సరిపోయింది. బొట్లు కారి వేలాడుతుంటే ఎక్కువైంది. చారే లేకపోతే లోపలికి దిగలేదు.

సరిపోయిన ముక్క మీద తేదీ, వైరు వేగం, వోల్టేజీ, గ్యాసు, ప్లగ్గు దగ్గరి వోల్టేజీ పెయింట్ మార్కర్‌తో రాసి ఛాసీ పక్కనే వేలాడదీయండి. సిలిండర్ మారినా, కొత్త స్పూలు ఎక్కినా, టార్చ్ ఇంకొకరి చేతికి వెళ్లినా అదే గొట్టం ముక్కలతో ఇంకో 30 డిగ్రీల అతుకు కొట్టి, కోసి, వేలాడుతున్న ముక్క పక్కన పెట్టి చూశాకే మళ్లీ ఛాసీ ముట్టుకోవాలి.